పంటకో దారి: ఆదోని–ఎమ్మిగనూరు–మంత్రాలయం రహదారి

ముంబయి–చెన్నై రైలు మార్గంలో 'మంత్రాలయం రోడ్' అని ఒక స్టేషన్ ఉంది. అక్కడ మొదటిసారి దిగిన యాత్రికుడు గోపురం కోసం నాలుగు దిక్కులా చూస్తాడు. గోపురం కనిపించదు. ఆ స్టేషన్ ఉన్నది తుంగభద్ర అనే ఊళ్ళో. మంత్రాలయం అక్కడికి సుమారు 16 కిలోమీటర్లు. మన రైల్వేవారు ఊరి పేరు పక్కన 'రోడ్' అని చేర్చారంటే, ఆ ఊరు అక్కడ లేదనీ, అక్కడి నుంచి రోడ్డు పట్టుకొని పోవాలనీ అర్థం. ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు 'శ్రీకాకుళం రోడ్' అని పేరు పెట్టింది కూడా అందుకే. రైలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి రోడ్డు పని మొదలవుతుందన్న సంగతి ఈ చిన్న మాటలోనే ఉంది.

పట్నాన్నీ సేద్యపు పల్లెలనూ కలిపే ఒక పెద్ద రహదారి ఏ పని చేస్తుంది, ఏ పని చేయలేదు అన్నది ఈ పాఠంలో చూద్దాం. అందుకు కర్నూలు జిల్లా పడమటి భాగంలోని రహదారిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీలో ఆ ప్రాంతం వారు ఉంటే, నేను చెప్పేదాన్ని మీ ఊరి అనుభవంతో సరిచూసుకోండి. ఇతర జిల్లాల వారు అట్లాసు పక్కన పెట్టుకొని చదివితే మేలు.

దారి ఏ వైపుకు పోతోంది?

ఇప్పుడు ఈ రహదారి సంఖ్య 167. జాతీయ రహదారులకు 2010లో కొత్త సంఖ్యలు ఇచ్చారు. ఉత్తర–దక్షిణాలుగా పోయే ప్రధాన రహదారులకు సరిసంఖ్యలు, తూర్పు–పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు వచ్చాయి. ప్రధాన రహదారి నుంచి చీలిన శాఖకు, తల్లి రహదారి సంఖ్యకు ముందు ఇంకో అంకె చేర్చారు. కర్ణాటకలోని రామనగర్ నుంచి బళ్ళారి మీదుగా తూర్పు తీరానికి పోయే 67వ రహదారికి 167 ఒక శాఖ. బళ్ళారి దగ్గరి హగరి వద్ద చీలి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు దాటి, మంత్రాలయం మండలంలోని మాధవరం దగ్గర తుంగభద్రను దాటుతుంది. అవతల రాయచూరు, ఆపైన మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల. చివరికి కోదాడ చేరుతుంది.

అట్లాసులో ఈ గీతను వేలితో దిద్దుకుంటూ పోయి, కర్నూలు ఎక్కడ ఉందో చూడండి. ఈ రహదారి మీద లేదు. జిల్లా కేంద్రం తూర్పున దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, 44వ రహదారి మీద ఉంది. ఆదోని రైతు కర్నూలుకు పోవాలంటే ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరుల మీదుగా వేరే రోడ్డు పట్టాలి. రైలులో పోదామంటే దక్షిణాన గుంతకల్లుకు దిగి, డోన్ మీదుగా మళ్ళీ ఉత్తరానికి ఎక్కాలి. అంటే ఈ ప్రాంతంలో దస్త్రాలు పోయే దారి తూర్పుకు, సరుకు పోయే దారి ఉత్తర దక్షిణాలకు. ఈ రెండూ ఒకటి కాకపోవడం వల్ల వచ్చే చిక్కు పైకి కనిపించేంత చిన్నది కాదు.

దీనికి చరిత్రలో కారణం ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా చీలి, ఈ రెండు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. కచేరీని ఒక్క ఉత్తర్వుతో మార్చవచ్చు. పిల్లనిచ్చిన ఊళ్ళు, అప్పు పుట్టే అంగళ్ళు, సరుకు కొనే మండీలు ఉత్తర్వులతో మారవు. కర్నూలు నగరంలో ఒక పెద్ద కూడలిని నేటికీ 'బళ్ళారి చౌరస్తా' అంటున్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయ్యాక కర్నూలు జిల్లాలో మిగిలినది ఎక్కువగా ఈ పడమటి భాగమే. అయినా జిల్లా కేంద్రం తూర్పు అంచునే ఉంది. ఆదోనిని జిల్లా చేయమని అక్కడివారు అడగడం వెనుక, ఈ బస్సు ఛార్జీల లెక్క కూడా ఉందని మరవకండి.

రైలుకు ముందు, రైలు తరువాత

రైలు రాకముందు ఇక్కడి పత్తి పెరికెద్దుల మీద పోయేది. లంబాడీలు వందల ఎద్దులను తోలుకుంటూ ఉప్పు, ధాన్యం, పత్తి మోసేవారు. ఎద్దుకు రోడ్డు అక్కరలేదు, దారిలో గడ్డీ నీళ్ళూ ఉంటే చాలు. కరువు వచ్చిందంటే ఆ గడ్డీ నీళ్ళే ఉండవు. ధాన్యం ఎక్కువగా కావలసిన ఏడాదిలోనే ధాన్యం మోసే ఎద్దు నడవలేకపోయేది.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గంతో రాయచూరు దగ్గర కలిసింది. ఆ దారిలో ఉన్న ఆదోని దశ తిరిగింది. బొంబాయి మిల్లులకు నేరుగా దూది పంపగల ఊరు అయింది. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, కమీషన్ కొట్లు వెలిశాయి. 'రెండో బొంబాయి' అని పేరు కూడా తెచ్చుకుంది. ఇక్కడి దూదిని ఆనాటి వ్యాపారులు 'వెస్టర్న్స్' అన్న రకం పేరుతో కొనేవారు. రైలు వచ్చిన ఐదేళ్ళకే, 1876–78 మధ్య మహా కరువు పడింది. బళ్ళారి జిల్లా మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. రైలు ఉంటే కరువు చావులు ఉండవని నమ్మినవారికి అది చేదు పాఠం. రైలు ధాన్యాన్ని తేగలదు గాని, కొనడానికి చేతిలో డబ్బు లేనివాడి ఇంటికి తేలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, వలస గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ కావలసి వస్తుంది.

ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు కథ వేరు. దానికి రైలు లేదు. అది మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు రావాలన్నా, నేసిన గుడ్డ పోవాలన్నా రోడ్డే దిక్కు. ఒకే రహదారి మీద, గంట ప్రయాణం కూడా లేని దూరంలో, ఒకటి రైలు పెంచిన ఊరు, ఇంకొకటి రోడ్డు నిలిపిన ఊరు. పట్టణాల పుట్టుక గురించి రాయమన్నప్పుడు ఇలాంటి జతలను ఉదాహరణగా ఇవ్వండి.

నల్లరేగడి మీద రోడ్డు

మన సీమలో దారిని 'దావ' అంటారు. వానాకాలంలో నల్లరేగడి దావలో నడిచినవారికి చెప్పనక్కర లేదు, చెప్పులకు కిలో మట్టి అంటుకుంటుంది. తడిస్తే ఉబ్బడం, ఎండితే కుంచించుకొని నెర్రెలు విడవడం ఈ నేల గుణం. పత్తికి తేమను దాచిపెట్టే ఆ గుణమే రోడ్డుకు శత్రువు. పైన ఎంత గట్టి తారు వేసినా, కింద నేల లేచి దిగుతుంటే రోడ్డు అంచులు చిట్లిపోతాయి. అందుకే ఇంజినీర్లు పై మట్టిని తీసి ఇసుకో మొరమో నింపుతారు, లేదా మట్టిలో సున్నం కలిపి గట్టిపరుస్తారు, పక్క కాలువలు తవ్వుతారు. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

జాతీయ రహదారికి ఆ ఖర్చు దొరుకుతుంది. పొలం గట్టు నుంచి ఆ రహదారి వరకూ ఉన్న దావకు దొరకదు. జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులంటూ వర్గీకరించే పద్ధతి 1943 నాటి నాగపూర్ ప్రణాళికతో స్థిరపడింది. ఆ వరుసలో కింది మెట్టు చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ప్రతి ఆవాసానికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలని లక్ష్యం పెట్టుకుంది. దానివల్ల ఊరికి రోడ్డు వచ్చింది. పొలానికి రావడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

పంటకో దారి

మీరు పృష్ఠభూమి అనే మాట చదివే ఉంటారు. ఒక పట్నానికి సరుకు పంపి, ఆ పట్నం నుంచి సరుకు తెచ్చుకునే చుట్టుపక్కల ప్రాంతం అన్నమాట. పుస్తకాలలో దాన్ని పట్నం చుట్టూ గుండ్రటి గీతగా వేస్తారు. ఈ గీత వెనుక ఉన్నవాడు ఫాన్ థ్యూనెన్ అనే జర్మన్ భూస్వామి. తానే సేద్యం చేయించినవాడు, బాడుగ లెక్కలు తెలిసినవాడు. 1826లో వెలువడిన 'ఏకాంత రాజ్యం' అనే గ్రంథంలో, సమతల మైదానం మధ్య ఒకే ఒక పట్నాన్ని ఊహించుకొని, పాలు, కూరగాయలు దగ్గరి వలయంలోనూ, ధాన్యం, పశువులు దూరపు వలయాల్లోనూ ఎందుకు ఉంటాయో వివరించాడు.

ఆయన సూత్రాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క కోసం అనుకున్న అంకెలు. క్వింటాలుకు బాడుగ 70 రూపాయలు అనుకోండి. పత్తి ధర 7,000 అయితే బాడుగ నూటికి ఒక్క వంతు. ఉల్లి ధర 1,000 అయితే అదే బాడుగ నూటికి ఏడు. ఉల్లి ధర 400కు పడిపోతే నూటికి పదిహేడున్నర. దీనికి తోడు పత్తిని ఇంట్లో పోసి ధర కోసం నెలరోజులు ఆగవచ్చు. తడిసిన ఉల్లి వారం ఆగదు. ధర పడిన ఏడాది ఉల్లిని పీకకుండా చేలోనే గొర్రెలకు వదిలేసే రైతు అవివేకి కాదు. కూలి, సంచి, బాడుగ కలిపితే చేతి డబ్బు పోతుందని లెక్క కట్టినవాడు.

ఇప్పుడు గోనెగండ్ల చుట్టుపక్కల ఒక రైతు మూడు పంటలు వేశాడనుకుందాం. పత్తి పడమటికి, ఆదోని యార్డుకు పోతుంది. ఉల్లి తూర్పుకు, కర్నూలు యార్డుకు. మిరప ఇంకా దూరం, ఒక రకమైతే గుంటూరుకు, మరో రకమైతే కర్ణాటకలోని బ్యాడగికి. ఒకే పొలం, మూడు నాలుగు దిక్కులు. థ్యూనెన్ గీసిన వలయం ఇక్కడ కనిపించదు. ఏ పంటకు కొనేవాడు ఎక్కడ కూడి ఉన్నాడో, ఆ పంట అటు పోతుంది. కాబట్టి 'ఈ ఊరు ఏ పట్నపు పృష్ఠభూమి?' అని అడగడం కన్నా 'ఏ పంటకు ఏ పట్నపు పృష్ఠభూమి?' అని అడగడం సరైన పద్ధతి. థ్యూనెన్‌ను తప్పుపట్టనవసరం లేదు. పడవలు నడిచే నది ఉంటే తన వలయాలు సాగిపోతాయని ఆయనే చెప్పాడు. మనకు ఆ నది పని లారీ చేస్తోంది.

రోడ్డు బాగుపడితే రైతుకు బాడుగ తగ్గుతుందని అందరూ అంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. రెండో యార్డుకు పోగలగడం. ఆదోనిలో ధర నచ్చకపోతే రాయచూరుకు పోతానని చెప్పగల రైతుతో కొనేవాడు మాట్లాడే తీరు వేరు. నిజంగా పోకపోయినా సరే, పోగలడన్న సంగతి అవతలివాడికి తెలిస్తే చాలు. అయితే పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారికే పంట తోలాలన్న కట్టుబాటు ఉన్న చోట, రోడ్డు నాలుగు వరుసలైనా రైతుకు దారి ఒక్కటే.

సుగ్గి

ఇంతవరకూ సరుకు గురించి మాట్లాడాం. ఈ రహదారి మీద పోయే రెండో సరుకు మనుషులు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల పల్లెల నుంచి ఏటా ఖరీఫ్ పనులు ముగిశాక కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి గుంటూరు మిరప తోటలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనికి పోతాయి. దీన్ని అక్కడ 'సుగ్గికి పోవడం' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, పండుగ. సంబరానికి చెందిన మాట ఇవతలి గట్టున వలసకు పేరయింది. తల్లిదండ్రుల వెంట పోతే బడి మానేసే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడపవలసి వస్తోందంటే, ఇది ఎంత పాతుకుపోయిందో మీరే ఊహించుకోవచ్చు.

రోడ్డు వల్ల వలస పెరిగిందా? పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నకు 'అవును' అనో 'కాదు' అనో రాయకండి. రోడ్డు ఏ కదలికనూ పుట్టించదు. ముందే ఉన్న ఒత్తిడికి ఖర్చు తగ్గిస్తుంది, అంతే. ఒత్తిడి ఎక్కడిదో తెలియాలంటే రోడ్డును వదిలి కాలువను చూడాలి. హోస్పేట దగ్గరి తుంగభద్ర ఆనకట్ట నుంచి వచ్చే దిగువ కాలువ ఈ ప్రాంతంలో సుమారు ఒకటిన్నర లక్షల ఎకరాలకు ఉద్దేశించినది. కర్ణాటకలో చాలా దూరం పారి వచ్చేసరికి, చివరి ఆయకట్టుకు నీళ్ళు అందడం లేదన్నది ఇక్కడి రైతుల పాత ఫిర్యాదు. నీళ్ళు అందిన ఊరి నుంచి మాఘ మాసంలో వరి బస్తాల లారీ పోతుంది. అందని ఊరి నుంచి మూటాముల్లె, వంటసామాను, పిల్లలతో నిండిన లారీ పోతుంది. రోడ్డు రెండింటికీ ఒకటే. ఆయకట్టు ఊళ్ళలో వలస లేదని నేననడం లేదు. భూమి లేనివారికి కాలువ ఉన్నా లేకున్నా ఒకటే. కాని ఒకే రహదారి మీద పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళను పోల్చినప్పుడు తేడా కనిపిస్తే, దానికి కారణం రహదారి కాలేదు గదా. కారణాన్ని విడదీసే పద్ధతి ఇదే.

2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం ఈ ఒత్తిడిని కొంత తగ్గించాలి. మిరప కోతలో దంపతులిద్దరూ నాలుగు నెలలు పడి సంపాదించే మొత్తం ఒక్కసారిగా చేతికి వస్తుంది, అప్పు తీరుతుంది. ఊళ్ళో పని దొరికినా కూలి ఆలస్యమైతే ఆ లెక్క కుదరదు. 1876 నాటి రైలు సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోండి. దారి ఉండటం వేరు, చేతిలో డబ్బు ఉండటం వేరు.

క్షేత్ర పని: మీ ఊరికి దగ్గరి రాష్ట్ర లేదా జాతీయ రహదారి మీద ఒక బస్టాండులో గానీ, టీ కొట్టు దగ్గర గానీ ఒక పూట కూర్చోండి. పోయే ప్రతి లారీ, ట్రాక్టరులో ఏముందో, ఏ దిక్కుకు పోతోందో రాసుకోండి. సుగ్గి కాలంలో ఒకసారి, ఖరీఫ్ విత్తనాల కాలంలో ఒకసారి ఇలా చేయండి. తరువాత ఇద్దరు రైతులను అడిగి, వారి ప్రతి పంటా ఏ మార్కెట్‌కు పోతుందో, ఎవరి వాహనంలో పోతుందో, బాడుగ ఎవరు పెట్టుకుంటారో పట్టిక వేయండి. ఆ పట్టికను, మీ జిల్లా కేంద్రం ఉన్న దిక్కును పక్కపక్కన పెట్టి రెండు పేజీలకు మించకుండా రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.