కలం ఒకరిది, ఖర్చు ఇంటిల్లిపాదిది

తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అడుగుపెట్టేవారికి మొదట స్ఫురించేది చదువు. కాని పుస్తకాల తయారీతోనూ ఆ ప్రాంగణానికి దీర్ఘకాల బంధముంది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ఒక ఏడాది ముందే, ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సిద్ధపరచడానికి దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ నెలకొన్నది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ నేడు ఈ ప్రాంగణంలోనే ఉన్నది. ప్రాచీన అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించడం దాని పని. అల్‌బిరూనీ ఖగోళ గ్రంథమైన 'అల్ ఖానూన్ అల్ మసూదీ'ని మూడు సంపుటాలుగా వెలువరించింది ఈ సంస్థే. అటువంటి గ్రంథాన్ని కొనేవారు కొద్దిమంది. అందుకే ఆ భారాన్ని వ్యక్తి కాక ఒక సంస్థ మోసింది.

నవలకు అటువంటి అండ లేదు. అది పాఠకుని జేబును నమ్ముకొని బతకాలి. ఇదే ప్రాంగణంలో ఒక విద్యార్థి గడిపిన ఒక్క రోజును చిత్రించిన 'అంపశయ్య' నవల 1969లో వెలువడింది. ఆ నవల పేరే రచయిత ఇంటిపేరుగా మారిపోయింది. అంపశయ్య నవీన్ గారికి 2004లో 'కాలరేఖలు' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అయినా ఆయన జీవనోపాధి అర్థశాస్త్ర అధ్యాపకత్వమే. తెలుగు నవలాకారులలో అధికుల స్థితి ఇదే. ఉద్యోగమో వ్యాపారమో ఇంటిని పోషిస్తుంది, రాత్రివేళ కలం కదులుతుంది. వ్రాతప్రతి పూర్తయ్యాక ప్రచురణ సంస్థకు అప్పగించి ఎదురుచూడాలా, ఇంటి పొదుపు వెచ్చించి తానే అచ్చువేసుకోవాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ ప్రశ్నను సాహిత్య సమస్యగానే చూడడం వాడుక. మా దృష్టిలో ఇది కుటుంబ సమస్య కూడా.

సొంత ప్రచురణను చులకనగా చూడనవసరం లేదు. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన సొంత పత్రిక 'వివేకవర్ధని'లోనే ధారావాహికగా ఆరంభమై, 1880లో పుస్తకమయింది. అంటే తెలుగు నవల పుట్టుకలోనే సొంత ప్రచురణ ఉన్నది. తరువాతి కాలంలో వారపత్రికలలో ధారావాహికలు వ్రాసిన రంగనాయకమ్మ గారు, తమ పుస్తకాలను 'స్వీట్ హోమ్ పబ్లికేషన్స్' పేరిట తామే తక్కువ ధరకు అందించారు. ఆమె భావాలతో మాకు ఏకీభావం లేదు. అయితే పత్రికను, సొంత ప్రచురణను జోడుగా నడిపిన ఆ పద్ధతి గమనించదగినది.

ముస్లిం జీవితాల కథనానికి ఈ మార్గం మరింత ఉపకరించింది. కథకుడు, కవి స్కైబాబ తమ సంపాదకత్వంలోని ముస్లిం కథల సంకలనం 'వతన్'ను 2004లో 'నసల్ కితాబ్ ఘర్' పేరుతో వెలువరించారు. ఆయన వ్రాసింది కథలే, నవల కాదు. కాని ఆ ప్రయాణం నవలాకారులకూ పాఠమే. ఆయన కథలు 2016లో ఆంగ్లానువాదంగా ఓరియంట్ బ్లాక్‌స్వాన్ వంటి పెద్ద సంస్థ ద్వారా వచ్చాయి. సొంతంగా తెరిచిన చిన్న ద్వారం, పెద్ద సంస్థ ద్వారాన్ని మూసివేయలేదు.

అయితే ఉత్సాహం వేరు, లెక్క వేరు. ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాం. నవల వెల 200 రూపాయలనుకుందాం. 500 ప్రతులు, ప్రతికి 80 రూపాయల చొప్పున, ముద్రణకు 40,000 రూపాయలు అవుతాయి. పుస్తకాల దుకాణానికి నూటికి 40 వంతున కమీషన్ ఇస్తే చేతికందేది ప్రతికి 120 రూపాయలు. 334 ప్రతులు అమ్ముడైతేనే పెట్టుబడి తిరిగివస్తుంది. 200 ప్రతులే పోతే 16,000 రూపాయల నష్టం. మొత్తం 500 పోతే 20,000 మిగులు. అందులో నుంచే తపాలా ఖర్చులు, బంధుమిత్రులకు ఉచితంగా ఇచ్చిన ప్రతుల వెల తీసివేయాలి. అదే నవలను నూటికి 10 వంతు రాయల్టీపై సంస్థకు ఇస్తే 500 ప్రతులకు వచ్చేది 10,000 రూపాయలే. కాని ఇంటి సొమ్ము ఒక్క రూపాయి కూడా కదలదు.

లెక్కలో కనిపించని శ్రమ మరొకటి ఉన్నది. ప్రూఫులు దిద్దడం, ముఖచిత్రం వేయించడం, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యకు దరఖాస్తు పంపడం, పార్సిళ్లు కట్టడం సొంత ప్రచురణలో రచయిత పనులే. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజులలో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో ప్రతులు పంపవలసిన బాధ్యత కూడా ప్రచురణకర్తదే. డీటీపీ విషయంలోనూ మెలకువ అవసరం. అను ఫాంట్లలో కూర్చిన పుస్తకం అచ్చుకు పనికివస్తుంది కాని, ఈ-పుస్తకం కావాలంటే యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ ప్రూఫులు చూడాలి. కనుక మొదటే యూనికోడ్ ప్రతిని భద్రపరచుకోవడం మేలు. ఈ పనులలో చాలా భాగం భార్య, పిల్లల చేతుల మీదుగానే సాగుతుంది. పుస్తకాల కట్టలు పేరుకునేదీ వారు తిరిగే గదిలోనే.

కాబట్టి ఈ నిర్ణయం ఇంటిలో సంప్రదింపుతో జరగాలి. ఇస్లాం దృష్టిలో భార్య మహర్, ఆమె నగలు ఆమె సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా ఇష్టపడి ఇస్తే తప్ప, అవి భర్త నవలకు పెట్టుబడి కాజాలవు. మొహమాటంతో ఊకొట్టడం అంగీకారం కాదు. వడ్డీ అప్పుతో అచ్చయిన పుస్తకంలో ఎంత నీతి ఉన్నా, ఆ అప్పు ఇంటి బరకత్‌ను హరిస్తుంది. రచయిత్రి ఇల్లాలైతే ఆమె రాయల్టీ ఆమెదే. ఇక, అమ్మకానికి ఉంచిన ప్రతులు వర్తక సామగ్రి లెక్కలోకి వస్తాయి గనుక జకాత్ విషయం ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి.

సంస్థను ఆశ్రయించేవారికి మరో జాగ్రత్త అవసరం. గడువు పెట్టుకొని చేసే అప్పు లావాదేవీని వ్రాసుకోవాలని దివ్యఖుర్‌ఆన్ (అల్ బఖరా: 282) ఆదేశిస్తోంది. ఆ స్ఫూర్తి రచయిత ఒప్పందానికీ వర్తిస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా హక్కుల బదిలీ సంతకంతో, వ్రాతపూర్వకంగా ఉండాలంటోంది. గడువు పేర్కొనకపోతే బదిలీ 5 సంవత్సరాలకే చెల్లుతుంది. వేరే నిబంధన లేనిపక్షంలో, తీసుకున్న హక్కును సంస్థ ఏడాదిలోగా వినియోగించకపోతే అది రద్దవుతుంది. నవలపై హక్కు రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు నిలిచి ఉంటుంది. అంటే అది వారసులకు చెందే ఆస్తి. చదవకుండా చేసిన సంతకం పిల్లల హక్కును కోల్పోవడమే కావచ్చు.

రెండు బాటలూ ఒకే రచయితకు పనికివస్తాయి. విస్తృత పాఠకులను ఆశించే నవలను, ఓపిక ఉంటే, సంస్థకు ఇవ్వవచ్చు. ఒక బస్తీ, ఒక సముదాయం గురించి వ్రాసినదై, పాఠకులెవరో తెలిసి ఉంటే, తక్కువ ప్రతులతో సొంతంగా తేవచ్చు. సంస్థకు ఇచ్చిన నవలకైనా ఈ-పుస్తక హక్కును, అనువాద హక్కును విడిగా అట్టిపెట్టుకోవచ్చు. సొంతంగా తెచ్చేవారు మాత్రం ముద్రణాలయానికి వెళ్లేముందు ఇంటిలో అందరి సమక్షంలో ఒక కాగితం మీద రెండు అంకెలు వ్రాయాలి: వెచ్చించబోయే సొమ్ము, అది తిరిగి రాకపోతే ఆగిపోయే అవసరం. ఆ రెండో అంకె ఎదుట పిల్లల ఫీజు గాని, ఇంటి అద్దె గాని ఉంటే, నవల మరో ఏడాది ఆగడమే ధర్మం. వ్రాతప్రతి చెడిపోదు.