బొమ్మ ముఖంలో అందం: పింగాణి దొరసాని, తోలుబొమ్మ సీత

3.1 పరిచయం

బొమ్మ ఒళ్లంతా ఎంత శ్రద్ధగా చేసినా చూసేవారి కన్ను ముందుగా ముఖం మీదికే పోతుంది. ముఖం కుదరకపోతే ఎంత మంచి చీర కట్టినా, ఎన్ని నగలు పెట్టినా ఆ బొమ్మ కళ తప్పే ఉంటుంది. గత పాఠంలో మీరు కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల గురించి చదివారు. అవి కర్ర బొమ్మలు. ఈ పాఠంలో మరి రెండు పదార్థాలను తీసుకొని, వాటి మీద అందమైన స్త్రీ ముఖాన్ని ఎలా రాస్తారో చూద్దాం.

మొదటిది పింగాణి. ఐరోపాలో 19వ శతాబ్దంలో బాగా పేరు పొందిన దొరసాని బొమ్మల ముఖాలు దీనితో చేసినవే. రెండోది మేక తోలు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తయారయ్యే సీత, ద్రౌపది, మండోదరి బొమ్మలు దీనితో చేసినవి. ఈ జిల్లా 2022లో ఏర్పడింది; అంతకుముందు రాసిన పుస్తకాల్లో నిమ్మలకుంట అనంతపురం జిల్లా గ్రామంగా కనిపిస్తుంది.

ఈ రెండు ముఖాలనూ పక్కపక్కన పెడితే ఒక ప్రశ్న పుడుతుంది. రెండింటిలోనూ చిత్రకారుడు కోరేది ఒకటే: పెద్ద కళ్లు, తీర్చిన కనుబొమలు, ఎర్రటి పెదవులు. అయినా పింగాణి మీద అద్భుతంగా పనిచేసే పద్ధతి తోలు మీద ఎందుకు విఫలమవుతుంది? దీనికి జవాబు రంగుల డబ్బాలో దొరకదు. వెలుగు బొమ్మకు ఏ పక్క నుంచి వస్తుందో చూస్తే దొరుకుతుంది.

3.2 పింగాణి ముఖం: బట్టీలో కుదిరే రంగు

కేయోలిన్ అనే తెల్లటి మట్టి, ఫెల్‌స్పార్, పలుగురాయి పొడి కలిపి, సుమారు 1,250 నుంచి 1,400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే పింగాణి తయారవుతుంది. బొమ్మ తల చేయాలంటే ఈ మట్టిని చిక్కటి పాలలా కలిపి ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకుంటుంది. దాని లోపలి గోడల మీద మట్టి ఒక పొరగా పేరుకుంటుంది. మిగిలినది ఒంపేస్తే బోలుగా ఉన్న తల మిగులుతుంది. జర్మనీలోని తురింగియా ప్రాంతం ఇలాంటి తలలకు పెద్ద కేంద్రం. పైన మెరుగు పూత ఉన్నవాటిని చైనా బొమ్మలు అంటారు. మెరుగు లేకుండా మనిషి చర్మంలా మసకగా ఉండేవి బిస్క్ బొమ్మలు. 1860, 1870 దశకాల్లో పారిస్‌లో ఫ్యాషన్ దుస్తులు తొడిగి అమ్మిన స్త్రీ బొమ్మలకు ఎక్కువగా బిస్క్ ముఖాలే ఉండేవి.

కాల్చిన తల తెల్లగా, బోసిగా ఉంటుంది. దాని మీద వేసే రంగు మనం గోడలకు వేసే రంగు లాంటిది కాదు. లోహాల నుంచి తీసిన రంగు పొడిని, తక్కువ వేడికే కరిగే గాజు పొడిని కలిపి, నూనెతో నూరి కుంచెతో పెడతారు. తర్వాత తలను మళ్లీ బట్టీలో సుమారు 700 నుంచి 800 డిగ్రీల వరకు కాలుస్తారు. గాజు కరిగి రంగును పింగాణికి అతికిస్తుంది. ఆ తర్వాత నీళ్లతో కడిగినా, గోటితో గీకినా అది పోదు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. కుంచెతో పెట్టేటప్పుడు కనిపించే రంగు కాలిన తర్వాత ఉండే రంగు కాదు. ఇనుము నుంచి వచ్చే ఎరుపు వేడి ఎక్కువైతే వెలిసిపోతుంది. చెంపల మీద వేసే మేలైన గులాబీ రంగు బంగారం నుంచి వస్తుంది; వేడి చాలకపోతే అది గోధుమ వన్నెకు, ఎక్కువైతే ఊదా వన్నెకు తిరుగుతుంది. (మన రామగిరి కొండల్లో ఒకప్పుడు బంగారం తవ్వారని మీలో చాలామందికి తెలుసు. బంగారం నగలకే కాక బొమ్మ చెంపకు కూడా పనికివస్తుందని తెలిసినవారు కొద్దిమందే ఉంటారు.) రెండో విషయం, రంగును దట్టంగా ఒకేసారి వేయకూడదు. మందపు పూత కాలేటప్పుడు బుడగలు కడుతుంది లేదా పెచ్చులూడుతుంది. అందువల్ల పల్చగా వేసి కాల్చడం, మళ్లీ వేసి మళ్లీ కాల్చడం చేస్తారు. చెంపల పల్చటి ఎరుపు, కనుబొమలు, పెదవుల తొలి పూత ముందు వస్తాయి. ముదురు నీడలు, సన్నటి గీతలు తర్వాత.

చంటిపిల్ల బొమ్మకు చెంపల మధ్య గుండ్రంగా గులాబీ రంగు అద్దితే ముద్దుగా ఉంటుంది. దొరసాని బొమ్మకు అలా అద్దితే జలుబు చేసినట్టు కనిపిస్తుంది. ఆమెకు రంగును చెంప ఎముక మీద మొదలుపెట్టి చెవి వైపు పల్చబరుస్తూ పోవాలి. కనుబొమను ఒకే గీతగా గీయకుండా వెంట్రుక వెంట్రుకగా తీరుస్తారు. కనురెప్ప మీద సన్నటి నీడ వేస్తారు. రెండు పెదవుల మధ్య ముదురు గీత, కింది పెదవి నడుమ లేత మెరుపు ఉంచితే పెదవి ఉబ్బెత్తుగా, తడిగా ఉన్నట్టు తోస్తుంది. పాత బొమ్మలను దగ్గరగా చూస్తే కంటి లోపలి మూలలో చిన్న ఎర్రచుక్క కూడా కనిపిస్తుంది. దూరం నుంచి ఆ చుక్క తెలియదు. అది లేకపోతే మాత్రం కన్ను గాజుగోళీలా ఉంటుంది.

ఈ అందమంతా ఎదురుగా పడే వెలుగు మీద ఆధారపడింది. కిటికీ వెలుగు ముఖం మీద పడి, తిరిగి మన కంటికి వస్తుంది. తెల్లటి పింగాణి ఆ వెలుగును రంగు పొర గుండా వెనక్కి పంపుతుంది. నీడలు, మెరుపులు, ఉబ్బు, పల్లం అన్నీ ఈ ఏర్పాటులోనే అర్థవంతమవుతాయి.

3.3 తోలు ముఖం: వెనుక నుంచి వచ్చే వెలుగు

తోలుబొమ్మలాటలో ప్రేక్షకుడు ఒక పక్క, దీపం మరో పక్క ఉంటాయి. మధ్యలో తెల్లటి తెర. బొమ్మను దీపం వైపు నుంచి తెరకు ఆనించి ఆడిస్తారు. ప్రేక్షకుడి కంటికి చేరేది తోలు గుండా, తెర గుండా వడకట్టుకొని వచ్చిన వెలుగు. ఈ ఒక్క మార్పుతో పింగాణి మీద నేర్చుకున్న పద్ధతులు దాదాపు అన్నీ తలకిందులవుతాయి.

మీరే ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. పల్చటి తెల్ల కాగితం మీద ఒక పక్క ఎర్ర స్కెచ్ పెన్నుతో పూయండి. పక్కనే తెల్ల పెయింటును లేదా సున్నాన్ని దట్టంగా పూసి ఆరనివ్వండి. బల్ల మీద పెడితే తెల్ల పూత ప్రకాశంగా కనిపిస్తుంది. అదే కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఎరుపు దీపంలా వెలుగుతుంది, తెల్ల పూత నల్లబడుతుంది. వెలుగును వెనక్కి పంపే పదార్థం వెలుగును ముందుకు పోనివ్వదు గదా! పింగాణి పెదవి మీద పెట్టే లేత మెరుపును తోలు మీద తెల్ల రంగుతో పెడితే తెర మీద నల్లమచ్చ పడుతుంది.

అందువల్ల తోలుబొమ్మ కళాకారుడు తెలుపును వేయడు, మిగులుస్తాడు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకేసి, బిగించి ఆరబెట్టినప్పుడు అది పారదర్శకతకు దగ్గరగా వస్తుంది. కంటి తెల్లభాగాన్ని రంగు పడకుండా వదిలేస్తే అక్కడి నుంచి వెలుగు వస్తుంది. ఇంకా ఎక్కువ వెలుగు కావలసిన చోట తోలునే తొలుస్తారు. చిన్న చిన్న ఉలులతో కొట్టిన చిల్లులు చెవికమ్మలవుతాయి, ముత్యాల పేరవుతాయి, చీర అంచు మీది బుట్టాలవుతాయి. తెర మీద అవి రవ్వల్లా మెరుస్తాయి. బొమ్మ నగకు ఇక్కడ బంగారు రంగు అవసరం లేదు, రంధ్రం చాలు.

ముఖం మీద మాత్రం చిల్లులు తక్కువ. ఇది గమనించదగిన విషయం. నగల్లో చుక్కలు కిక్కిరిసి, ముఖంలో వెలుగు పరుచుకొని ఉండటం వల్లనే కన్ను అటూ ఇటూ తిరిగి చివరకు ముఖం మీద నిలుస్తుంది. ముఖానికి సాధారణంగా పక్క చూపు ఉంటుంది. కన్ను మాత్రం ఎదురుగా చూసినట్టు పెద్దదిగా, చేప ఆకారంలో ఉంటుంది. ముక్కు కొనదేరి ఉంటుంది. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు విజయనగర కాలపు పైకప్పు చిత్రాలను చూసినవారికి ఈ పోలిక వెంటనే తడుతుంది. ఆ స్త్రీల పక్కచూపు ముఖాలకు, వెడల్పు కళ్లకు, అంచుల చీరలకు, ఈ బొమ్మలకు దగ్గర చుట్టరికం ఉంది.

పక్కచూపుకు మరో కారణం కూడా ఉంది. తెర మీద ఉబ్బు, పల్లం కనిపించవు. ఎదురు ముఖంలో ముక్కు చూపాలంటే నీడ కావాలి. వెనుక వెలుగులో నీడను పల్చగా దిద్దడం కష్టం. పక్కకు తిప్పితే నుదురు, ముక్కు, పెదవి, గడ్డం అన్నీ ఒకే గీతలో తెలిసిపోతాయి. అందుకే తోలు ముఖానికి ప్రాణం ఆ నల్లగీత. పింగాణి మీద గీత సన్నగా, దాక్కొని ఉండాలి. తోలు మీద అది వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా కనిపించాలి.

రంగు వేసే తీరు కూడా వేరు. పారదర్శకంగా ఉండే రంగులనే ఎంచుకొని, తోలుకు రెండు వైపులా వేస్తారు. వెలుగు రెండు పొరలనూ దాటి వస్తుంది కాబట్టి రంగు గాఢంగా కనిపిస్తుంది. పూర్వం చెట్ల నుంచి తీసిన రంగులు వాడేవారు; ఇప్పుడు బజారులో దొరికే సిరాలు ఎక్కువ. పింగాణి మీద పొరపాటు జరిగితే బట్టీలో పెట్టకముందు గుడ్డతో తుడిచేయవచ్చు. తోలు సిరాను పీల్చుకుంటుంది, ఉలి దెబ్బను అసలే వెనక్కి ఇవ్వదు. నా దృష్టిలో రెండింటిలో కఠినమైన పరీక్ష తోలుదే.

అందాన్ని గుర్తుపట్టడానికి దానికి ఎదురు నిలిచే ముఖం కూడా కావాలి. సీత వచ్చే తెర మీదికే హాస్యపాత్ర బంగారక్క కూడా వస్తుంది, జుట్టుపోలిగాడితో వాదులాడుతూ. ఆమె ముఖంలో అన్నీ హద్దు మీరినవే. సీతలో కొలతకు లోబడిన ముక్కు, పెదవి బంగారక్కలో నవ్వు పుట్టించేంతగా సాగుతాయి. ఊరి పిల్లలు మాట వినిపించకముందే ఎవరు వచ్చారో చెప్పేస్తారు.

3.4 దీపం మారితే ముఖం మారుతుంది

పూర్వం ఆముదం దీపాల వెలుగులో ఆట జరిగేది. నూనె దీపపు వెలుగులో పసుపు, ఎరుపు భాగాలు ఎక్కువ, నీలం చాలా తక్కువ. ఆ వెలుగులో ఎర్ర చీర, పసుపు ఛాయ ముఖం నిండుగా కనిపిస్తాయి. నీలం మసకబారి నలుపుకు దగ్గరవుతుంది. మంట కదులుతుంది కాబట్టి బొమ్మను కదపకపోయినా తెర మీద వెలుగు అల్లాడుతుంది. ముఖం ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించడానికి అది చాలు. తర్వాత పెట్రోమాక్స్, ఆపైన కరెంటు బల్బులు వచ్చాయి. వెలుగు పెరిగింది, నిలకడ వచ్చింది, నీలం, ఆకుపచ్చ తేటపడ్డాయి. ఆ అల్లాడే వెలుగు మాత్రం పోయింది.

ఆటగాడి చేతిలో ఇంకో ఉపాయం ఉంది. బొమ్మను తెరకు అదిమి పెడితే గీతలు స్పష్టంగా ఉంటాయి. దీపం వైపు వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై, అంచులు చెదిరి, మసకబారుతుంది. అలా చూస్తే ముఖాన్ని సగం చిత్రకారుడు రాస్తే మిగతా సగం ఆడించేవారు రాస్తారు. నిమ్మలకుంట ఆరె మరాఠీ కుటుంబాల్లో ఈ ఇద్దరూ ఒకే ఇంటివారు. స్త్రీ పాత్రలకు గొంతు ఇచ్చేది, పాడేది తరచుగా ఆ ఇంటి ఆడవారే. ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు తెర వెనుక తెలుగు రామాయణం పాడతారు.

3.5 తెర నుంచి గదిలోకి

సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చాక రాత్రంతా సాగే ఆటలు తగ్గాయి. కుటుంబాలు బతకడానికి అదే తోలుతో దీపపు గుమ్మటాలు, గోడ బొమ్మలు, గది తెరలు చేయడం మొదలుపెట్టాయి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పేరు వచ్చింది, అమ్మకం కొంత పెరిగింది. ముఖం చేసే పని కూడా మారింది.

దీపపు గుమ్మటం మీది సీత మాట్లాడదు, కదలదు, తెర వెనుక ఉండదు. కొనుగోలుదారు ఆమెను మూడు అడుగుల దూరం నుంచి రోజూ చూస్తాడు. వెనుక వరుసకు కనిపించాలని వేసిన లావు గీత ఇక్కడ మోటుగా తోచవచ్చు. అందువల్ల గీత సన్నబడటానికి, పూలు, లతలు పెరగటానికి, ముఖం వాటి మధ్య ఒక అలంకారంగా మారటానికి ఒత్తిడి ఉంటుంది. పగలు బల్బు వెలగనప్పుడు ఎదురు వెలుగులో కూడా బొమ్మ బాగుండాలి. అంటే పింగాణి దొరసాని ఎదుర్కొనే పరీక్షను ఇప్పుడు తోలు సీత కూడా ఎదుర్కోవాలి. దీన్ని కళ దిగజారడంగా కొందరు చూస్తారు. ఆ మాట పూర్తిగా సరికాదు. రెండు వెలుగుల్లోనూ నిలిచే ముఖం రాయడం తేలిక పని కాదు, ఆ పని పొయ్యి మీద గిన్నె నిలబెడుతోంది. అయితే బంగారక్క గుమ్మటాల మీదికి పెద్దగా రాలేదన్న సంగతి మరవకూడదు. పడకగదిలో పెట్టుకోవడానికి ఎవరూ ఆమెను అడగరు. ఆటలో సీతకు కొలతగా నిలిచిన ముఖం అలా వెనకబడిపోతోంది.

ఈ పాఠం చదివాక వీలైతే నిమ్మలకుంటకు వెళ్లండి, లేదా దగ్గరి పట్టణంలోని లేపాక్షి హస్తకళల దుకాణంలో ఒక తోలు దీపపు గుమ్మటం చూడండి. ముందు బల్బు వెలిగించకుండా ముఖాన్ని చూసి కన్ను, పెదవి, ముక్కు గీత ఎలా ఉన్నాయో రాసుకోండి. తర్వాత బల్బు వెలిగించమని అడిగి అవే మళ్లీ చూడండి. ఏ గీత బలపడిందో, ఏ రంగు మాయమైందో, కంటి తెలుపు వేసినదో మిగిల్చినదో మీ నోటుపుస్తకంలో నమోదు చేసి, సంపర్క తరగతికి తీసుకురండి.