కార్డు కాలిపోలేదు, కళ్లెం పడింది!

హైదరాబాద్: ఇంట్లో పెళ్లి కుదిరిందంటే మహేశ్వరం, ఇబ్రహీంపట్నం, చేవెళ్ల పల్లెలవారికి పాతబస్తీ ప్రయాణం తప్పదు. బట్టలకు మదీనా, పత్తర్‌గట్టి. గాజులకు లాడ్‌బజారు. శుభలేఖలకు ఛత్తాబజారు. ఛత్తాబజారులో ఒకనాడు కాతిబులు కలం పట్టి ఉర్దూ అక్షరాలు రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ రాత కూడా క్రమంగా కంప్యూటర్ మీదికి చేరింది. ఇప్పుడు శుభలేఖ, ఆల్బమ్, పెళ్లి వీడియో అన్నీ కంప్యూటర్ పనులే. మండల కేంద్రాల్లో స్టూడియో పెట్టుకున్న పల్లె కుర్రాళ్లు ఎందరో ఈ పని మీదే బతుకుతున్నారు.

శుభలేఖ అచ్చుకు మామూలు కంప్యూటర్ చాలు. వీడియోకు మాత్రం గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే పని చురుగ్గా సాగుతుంది. ముహూర్తాల రోజుల్లో ఈ కార్డు ఉన్నట్టుండి మందగిస్తే కష్టమే. గంటలో తయారు కావలసిన వీడియో రాత్రంతా పడుతుంది. ఇవ్వవలసిన గడువు దాటిపోతుంది. అడ్వాన్సు ఇచ్చినవారు గుమ్మంలో నిలబడతారు. ఆ కంగారులో వేలకు వేలు పోసి కొత్త కార్డు కొనేవారున్నారు. చాలాసార్లు ఆ ఖర్చు అనవసరం.

నడక మార్చుకునే గడియారం

చార్మినార్ మీద 1889లో పెట్టిన గడియారాలు ఎప్పుడూ ఒకే నడకన నడవాలి. గ్రాఫిక్స్ కార్డులోనూ ఒక గడియారం ఉంది. దాన్ని క్లాక్ అంటారు. ఇది పనిని బట్టి నడక మార్చుకుంటుంది. దీన్ని కొలిచేది మెగాహెర్ట్జ్‌లలో. ఒక మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 10 లక్షల దెబ్బలు.

ఎన్విడియా కంపెనీ 2021లో విడుదల చేసిన ఆర్.టి.ఎక్స్. 3060 కార్డునే చూడండి. పని లేనప్పుడు అది 210 మెగాహెర్ట్జ్ దగ్గర కునుకు తీస్తుంది. పని పడితే 1,777 దాకా లేస్తుంది. కాబట్టి ఖాళీగా ఉన్న కంప్యూటర్‌లో 210 కనిపిస్తే అది జబ్బు కాదు. వీడియో తయారవుతున్నప్పుడు కూడా అక్కడే ఉండిపోతేనే చూసుకోవాలి.

బోరు మోటారు ఆగిపోతే రైతు వెంటనే కొత్త మోటారు కొనడు. ఫ్యూజు చూస్తాడు. మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూస్తాడు. ఒక ఫేజు పోతే స్టార్టర్ పడిపోయి మోటారును కాపాడుతుందని అతనికి తెలుసు. గ్రాఫిక్స్ కార్డుకూ అలాంటి కాపుదలే ఉంది. కరెంటు చాలకపోయినా, వేడి పెరిగినా అది ముందు తన నడక తగ్గించుకుంటుంది. మందగించడం చాలావరకు ఆ కాపుదల ఫలితమే. కళ్లెం ఎక్కడ పడిందో కనిపెడితే సగం మరమ్మతు అయినట్టే.

ముందు రోగ నిర్ణయం

జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక వీడియోను తయారీకి పెట్టి, అది నడుస్తుండగా దీన్ని తెరవాలి. క్లాక్ ఎంత, వేడి ఎంత, కార్డు మీద పని ఎంత శాతం అన్నవి కనిపిస్తాయి. ఎన్విడియా కార్డయితే ‘పెర్ఫ్ క్యాప్ రీజన్’ అనే వరుస కూడా ఉంటుంది. నడక ఎందుకు తగ్గిందో కార్డు స్వయంగా చెప్పే చోటు అదే. అక్కడ ‘థర్మ్’ అని వస్తే వేడి కారణం. ‘పవర్’ అనే అర్థంలో పి.డబ్ల్యు.ఆర్. అని వస్తే కార్డు కరెంటు వాడకం దాని హద్దును తాకిందని అర్థం. ‘ఐడిల్’ అని వస్తే కార్డుకు అసలు పనే అందడం లేదు.

పని అందకపోతే

మానిటర్ వైరు కంప్యూటర్ పెట్టె వెనుక రెండు చోట్ల పెట్టవచ్చు. ఒకటి మదర్‌బోర్డుది, రెండోది కార్డుది. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు వైరు మదర్‌బోర్డుకు పెడితే ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చునే అవకాశం ఉంది. పెట్టె కింది భాగంలో అడ్డంగా ఉండే కార్డు రంధ్రంలోనే వైరు ఉండాలి.

వీడియో సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక మాట చూడాలి. ప్రీమియర్‌లో ప్రాజెక్టు సెట్టింగులలో ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ అని ఉంటే కార్డుకు పని దాదాపు వెళ్లదు. దాన్ని ‘జీపీయూ యాక్సిలరేషన్’కు మార్చాలి.

కరెంటు చాలకపోతే

కార్డు కూర్చునే గాడి నుంచి దానికి అందేది 75 వాట్లు మాత్రమే. 3060 కార్డుకు 170 వాట్లు కావాలి. మిగతాది విడి వైరు ద్వారా రావాలి. 6 పిన్నుల వైరు 75 వాట్లకు, 8 పిన్నుల వైరు 150 వాట్లకు నిర్ణయించినవి. ఆ వైరు వదులైనా, చవక కన్వర్టర్ తగిలించినా, లోపలి పవర్ సప్లయి పాతబడి నీరసించినా కార్డుకు కరెంటు సరిగా అందదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, వైరు తీసి మళ్లీ గట్టిగా నొక్కడం మొదటి వైద్యం.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ మీద కన్నేయాలి. బ్యాటరీ మీద నడిపితే కార్డు వేగం తగ్గడం మామూలే. అసలు ఛార్జర్ పోయి తక్కువ వాట్ల ఛార్జర్ తగిలించినా అంతే. బ్యాటరీ నిండుతున్నట్టు కనిపిస్తుంది కాని కార్డు లేవదు. పాత ఛార్జర్ మీద రాసిన వాట్లు, కొత్తదాని మీద రాసినవి పోల్చి చూడాలి.

వేడి ఎక్కితే

ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి 83 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేరగానే నడక తగ్గడం మొదలవుతుంది. మన ఎండాకాలంలో గది వేడే 40 డిగ్రీలు దాటుతుంది. పాతబస్తీ ఇరుకు గల్లీల్లోని గదుల్లోనైనా, రోడ్డు పక్కన దుమ్ములో ఉన్న పల్లె స్టూడియోలోనైనా పెట్టెను గోడకు ఆనించి పెడితే గాలి ఆడదు. ఫ్యాన్ల రెక్కలకూ రేకుల సందుల్లోకీ దుమ్ము పేరుకుంటుంది.

ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దుమ్ము దులపాలి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో ఆపాలి. తడి గుడ్డ వాడరాదు. దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే చిప్‌కూ రేకుకూ మధ్య ఉండే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. అది మార్చడం చేయి తిరిగిన మెకానిక్ పని. వారంటీ ఉన్న కార్డును మాత్రం విప్పకుండా బిల్లుతో సహా కొన్నచోటికే తీసుకుపోవాలి.

సెట్టింగుల్లో చిక్కితే

కరెంటూ వేడీ బాగానే ఉంటే చూడవలసింది సాఫ్ట్‌వేరే. డ్రైవర్ ఒకసారి తడబడితే కొన్ని కార్డులు తక్కువ వేగం దగ్గరే ఇరుక్కుపోతాయి. ‘షట్‌డౌన్’ చేసి మళ్లీ వేస్తే చాలదు. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంటే పాత స్థితి కొంత అలాగే మిగులుతుంది. ‘రీస్టార్ట్’ నొక్కాలి. తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ‘పవర్ మేనేజ్‌మెంట్ మోడ్’ను ‘ప్రిఫర్ మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్’కు మార్చి చూడాలి. వేగం పెంచే సాఫ్ట్‌వేర్లు ఎప్పుడో వేసి ఉంటే వాటి మార్పులు రద్దు చేయాలి. అప్పటికీ లేవకపోతే పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి, కంపెనీ వెబ్‌సైట్ నుంచి కొత్తది వేసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు జాగ్రత్త

ఎథీరియం అనే డిజిటల్ నాణెం కోసం లక్షల కార్డులు రాత్రింబవళ్లు తిరిగాయి. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారడంతో చాలా కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారుకు వచ్చాయి. వాటిలో కొన్నింటికి లోపలి బయోస్‌ను మార్చి, కరెంటు ఆదా కోసం వేగం తగ్గించి పెట్టారు. అలాంటి కార్డు ఎన్ని సెట్టింగులు మార్చినా లేవదు. అసలు బయోస్ తిరిగి ఎక్కిస్తే లేస్తుంది కాని అది తెలిసినవారే చేయాలి.

కాబట్టి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా, ఊళ్లోనే ఎవరి దగ్గరైనా కొన్నా డబ్బు చేతిలో పెట్టకముందే పరీక్ష చేయించాలి. పది నిమిషాలు బరువైన పని నడిపించి, క్లాక్ ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన అంకె దాకా లేస్తున్నదో లేదో, అక్కడ నిలుస్తున్నదో లేదో కళ్లారా చూడాలి.

ఇన్ని చూసినా ఫలితం లేకపోతే చివరి పరీక్ష ఒకటే. కార్డును మరో మంచి కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అక్కడ సరిగా నడిస్తే లోపం మన పవర్ సప్లయిలోనో మదర్‌బోర్డులోనో ఉన్నట్టు. అక్కడా లేవకపోతే అప్పుడు కార్డు మీద అనుమానపడవచ్చు. కొత్తదాని మాట ఆ తర్వాతే.