కొరికేది కోపంతో కాదు!

చూడ్డానికి ముంగిసకు తమ్ముడిలా ఉంటుంది. చుట్టరికం మాత్రం నీటికుక్కలతో. దాని పేరు ఫెర్రెట్. కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి ఐరోపాలో దాదాపు 2000 ఏళ్ల కిందటే దీన్ని మచ్చిక చేసుకున్నారు. ఇప్పుడు బ్రిటన్, అమెరికా ఇళ్లలో ముద్దుల పెంపుడు జంతువు. (కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో పెంచడం నిషేధం. అక్కడున్న మనవాళ్లు మోజు పడకపోవడమే మంచిది!)

ముచ్చటపడి తెచ్చుకున్నవారిలో కొందరు కొన్నాళ్లకే వదిలించుకోవాలని చూస్తారు. 'అమ్మో, కొరుకుతోంది' అన్నది తరచూ వినిపించే ఫిర్యాదు.

పిల్ల ఫెర్రెట్లు ఒకదాని మెడ ఒకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. వాటి చర్మం మందం కాబట్టి నొప్పి తెలీదు. మన చర్మం పల్చనని వాటికెవరు చెప్పాలి? కొరికిందని కొట్టారో... పని చెడినట్టే. భయంతో ఇంకా గట్టిగా కొరుకుతుంది. 'వద్దు' అని ఆట ఆపేసి, రెండు మూడు నిమిషాలు బోనులో ఉంచితే చాలు. ఇంటిల్లిపాదీ ఇదే పద్ధతి పాటించాలి. అమ్మ మందలించాక నాన్న నవ్వుతూ ఎత్తుకుంటే దానికేం అర్థమవుతుంది!

ఇంకో సంగతి. తలంతా తెల్లగానో, నుదుటి నుంచి మెడదాకా తెల్లచారతోనో ఉన్న ఫెర్రెట్లలో చాలావాటికి పుట్టుచెవుడు. వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కొరుకుతాయి. వినపడని పాపానికి 'పొగరుబోతు' అన్న ముద్ర! అలాంటిదాన్ని ఎత్తుకునేముందు ఎదురుగా వెళ్లి, చేయి వాసన చూడనివ్వాలి. ఎంత మచ్చికైనదాన్నయినా చంటిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు.

ఒళ్లు వాసనొస్తోందని వారం వారం స్నానం చేయిస్తారు కొందరు. దాంతో చర్మం ఎండిపోయి, నూనె మరింత ఊరి వాసన పెరుగుతుంది. ఒంటికన్నా దాని పక్కబట్టలు తరచూ ఉతకడం మేలు. మలవిసర్జనకు ఇది గది మూలలు వెతుక్కుంటుంది. తిన్నది మూడు నాలుగు గంటల్లో అరిగిపోతుంది కనుక ఆగలేదు. అది ఎంచుకున్న మూలలోనే ట్రే పెడితే గొడవుండదు.

అసలు ప్రమాదం రబ్బరుతో. రిమోట్ బటన్లు, చెప్పుల ముక్కలు, ఇయర్‌ఫోన్ బిరడాలు కొరికి మింగేస్తుంది. అవి పేగులో అడ్డుపడితే ఆపరేషనే గతి. తిండి మానేసి నీరసంగా పడుకుంటే, వాంతులు చేసుకుంటే మర్నాటిదాకా ఆగకూడదు. అయితే రోజుకు 14 నుంచి 18 గంటల నిద్ర దానికి మామూలే, కంగారుపడక్కర్లేదు. నోరు తెరిచి పక్కలకు గెంతుతూ చిందులేసినా భయం వద్దు, అది సంబరం!

పూర్తి మాంసాహారి. బిస్కెట్లు, పండ్లు పెట్టకూడదు. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగలొచ్చు. మన ఫ్లూ దీనికీ అంటుకుంటుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూ వైరస్‌ను గుర్తించింది ఫెర్రెట్ల సాయంతోనే. అందుకే ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే, తగ్గేదాకా దాని పనులు మరొకరు చూసుకోవాలి.