తిన్నది ఒంటబట్టని కుక్క

ఖమ్మము చేలు వెనుకబడి, కొత్తగూడెము దాటిన పిదప కిన్నెరసాని అడవులు మొదలై, గోదావరి యొడ్డున భద్రాచలము వరకు సాగిన సీమలో కుక్క లేని గూడెము కానరాదు. కోయల వెంట పోడు చేలకు కావలి పోవు ఊరకుక్కయు, కొత్తగూడెములోని సింగరేణి క్వార్టర్ల ముంగిట గాని సారపాక కాగితపు మిల్లు కాలనీలో గాని గొలుసున కట్టబడి యుండు అల్సేషియన్ కుక్కయు ఈ సీమవే. రెంటిలో ఏది చిక్కిపోయినను జనులు చెప్పు కారణ మొక్కటే: కడుపులో పురుగులున్నవి. ఊరకుక్క విషయమున ఆ మాట చాలవరకు నిజము. కొంకిపురుగులు, గోమార్లు కుట్టుటవలన సోకు రక్తవ్యాధులు, వీటికి తోడు చాలీచాలని గంజిమెతుకులు. దాని డొక్కలు బయటపడుటకు ఇంతకంటె కారణము వెదుకనక్కరలేదు. కాని వేళకు మాంసము, పాలు, అన్నము తినుచు, పురుగులమందు పలుమారు మింగియు, నానాటికి కృశించుచుండు యౌవనపు అల్సేషియన్ కుక్కను చూచినపుడు వైద్యుని దృష్టి పురుగులనుండి క్లోమమువైపు మరలవలెను.

క్లోమము చెడుటవలన కలుగు ఈ వ్యాధి లక్షణములు విచిత్రములు. కుక్కకు ఆకలి తగ్గదు సరికదా, మితిమీరి పెరుగును. పెట్టినదెల్ల తిని, చెత్తకుప్ప వెదకి, తుదకు తన మలమునే తినుటకు పూనుకొనును. మలము పాలిపోయి, జిడ్డుగా, పేడకడి వలె రాశిగా పడుచు, దినమునకు పలుమార్లగును. వెండ్రుకలు నిగ్గు దప్పును. కడుపులో గుడగుడ శబ్దము దూరమునకు వినవచ్చును. ఇంత జరుగుచున్నను జ్వరము లేదు, కుక్క యుత్సాహము పెద్దగా సన్నగిల్లదు. ఇది తిండిపోతు కుక్క యని ఇంటివారు నవ్వుకొనుటయు, వ్యాధి ముదురుటయు ఏకకాలమున జరిగిపోవును.

క్లోమము రెండు పనులు చేయు గ్రంథి. అందలి కొన్ని కణములు ఇన్సులిన్‌ను రక్తములోనికి విడుచును. మిక్కిలి యధికభాగముగా నున్న తక్కిన కణములు మాంసకృత్తులను ట్రిప్సిన్‌తోను, క్రొవ్వును లైపేజ్‌తోను, పిండిపదార్థమును అమైలేజ్‌తోను విడగొట్టు రసమును చిన్నప్రేగులోనికి పంపును. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు కుక్కల క్లోమనాళమును ముడివైచి, జీర్ణరసమునిచ్చు కణములు నశించి ఇన్సులిన్ కణములు మిగులునట్లు చేసి, ఆ మిగిలినదానినుండి ఇన్సులిన్‌ను రాబట్ట యత్నించిరి. వారు దారముతో చేసినదానిని అల్సేషియన్, కోలీ జాతుల కుక్కలలో శరీరము తనకు తానే చేసికొనుచున్నది. కుక్క దేహములోని రక్షణకణములే క్లోమమును శత్రువుగా భావించి క్రమముగా హరించును. ఇన్సులిన్ కణములు మాత్రము మిగులును గనుక ఇట్టి కుక్కలకు సాధారణముగా మధుమేహము రాదు. ప్రకృతి ఈ గ్రంథికి ఎంత మిగులుబలము నొసగినదనగా, జీర్ణకణములలో సుమారు నూటికి తొంబదివంతులు నశించువరకు బయటికి ఏ చిహ్నమును కానరాదు.

పూర్వము ఈ జీర్ణరసపు లోపమును మలములో వెదకిరి. ఎక్స్‌రే ఫిల్ము మీది జిలాటిన్ పూతపై నీటితో కలిపిన మలమునుంచి, పూత కరగినచో ట్రిప్సిన్ కలదనియు, కరగనిచో లేదనియు నిర్ణయించెడివారు. ఉపాయము చమత్కారమైనదే; ఖర్చును లేదు. కాని ప్రేగులోని సూక్ష్మజీవులు సైతము జిలాటిన్‌ను కరగించుటచేతను, ఆరోగ్యవంతమైన కుక్కలో కూడ ఎంజైము పరిమాణము ఒకనాడున్నట్లు మరియొకనాడుండకపోవుటచేతను ఆ పరీక్ష విశ్వాసార్హము కాలేదు. సూక్ష్మదర్శినిలో క్రొవ్వుబొట్లను, అరగని మాంసపు నారలను చూచుట అనుమానమునకు ఆధారమగునే గాని తీర్పునకు చాలదు. ఎంజైము పొడి పెట్టి కుక్క కోలుకొనునేమో చూతమనుటయు అట్టిదే: వేరు వ్యాధిగల కుక్క కొన్నాళ్లు బాగుపడినట్లు తోచవచ్చును, ఈ వ్యాధియే గల కుక్క బాగుపడకపోవచ్చును. అట్టి తాత్కాలిక ఫలితమును నమ్మి జీవితకాలపు చికిత్స కుపక్రమించుట నా దృష్టిలో అవివేకము.

నిజమైన సాక్షి రక్తము. ఆరోగ్యవంతమైన క్లోమమునుండి ట్రిప్సిన్‌కు పూర్వరూపమైన ట్రిప్సినోజన్ అత్యల్పముగా రక్తములోనికి జారుచుండును. గ్రంథి నశించినచో ఆ జారుడును ఆగిపోవును. 1980ల దశకమున విలియమ్స్, బ్యాట్ అను పశువైద్య శాస్త్రజ్ఞులు స్థిరపరచిన ఈ పరీక్షను టి.ఎల్.ఐ. అందురు. లీటరు రక్తరసిలో సుమారు 5.7 మొదలు 45 మైక్రోగ్రాముల వరకు సహజమనియు, 2.5 కంటె తగ్గినచో లోపము నిశ్చయమనియు చిరకాలముగా వాడుకలోనున్న లెక్క. ప్రయోగశాలనుబట్టి హద్దులు కొంత మారును. నడుమనున్న అంకె వచ్చినచో కొన్ని వారముల పిదప మరల చూడవలెను. క్లోమమున వాపున్నను, మూత్రపిండములు చెడినను ఈ అంకె పెరుగును గనుక, అది సహజముగా కనబడినంతమాత్రమున ఒక్కొక్కపుడు నిశ్చింతగా నుండరాదు. మరియొక జాగ్రత్త: మనుష్యుల రక్తమునకై చేసిన పరీక్షాద్రవ్యములు కుక్క ట్రిప్సినోజన్‌ను గుర్తింపవు.

ఇదే రక్తములో బి12 విటమినును, ఫోలిక్ ఆమ్లమును కూడ కొలుతురు. కుక్కలో బి12ను ప్రేగు గ్రహించుటకు కావలసిన సహాయక పదార్థము ముఖ్యముగా క్లోమమునుండియే పుట్టును గనుక ఈ వ్యాధిలో బి12 తగ్గును. అరగని తిండి మీద విజృంభించు సూక్ష్మజీవులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుటవలన అది తరచు పెరుగును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లమే ఇది. మన వాని పేరు కుక్క రక్తపరీక్ష యొద్ద కూడ తలపునకు వచ్చుట నాకు ముచ్చటగా నున్నది.

నిర్ధారణ యైన పిదప మార్గము సులభమే. ఎంజైము పొడిని గాని, అది దొరకనిచోట పశువు పచ్చి క్లోమమును సన్నగా తరిగి గాని ప్రతి పూట తిండిలో కలుపవలెను. వండినచో ఎంజైము చచ్చును. పచ్చి పందిమాంసమువలన కుక్కకు ప్రాణాంతకమైన రోగము సోకు భయము కలదు గనుక దాని జోలికి పోరాదు. బి12 లోపించినచో సూదిమందు వేయింపవలెను. చికిత్స జీవితాంతము సాగవలసినదే.

ఈ సీమలో నుండు పాఠకులకు ఒక్క మనవి. టి.ఎల్.ఐ. పరీక్ష ఊరి పశువైద్యశాలలో జరుగునది కాదు. కాని అందుకై కుక్కను పట్టణమునకు మోసికొనిపోనక్కరలేదు. రాత్రి తిండి తరువాత పండ్రెండు గంటలు పస్తుంచి ఉదయమున రక్తము తీయించి, రక్తరసిని వేరుచేయించి, చల్లగా నుంచి, కుక్కలకు ప్రత్యేకించిన ఈ పరీక్ష చేయు ప్రయోగశాలకు పంపిన చాలును. ముందుగా మలములో పురుగులను, రక్తములో గోమారి వ్యాధులను చూపించుడు. అవి లేవని తేలిన పిదప దీనిని పేరుపెట్టి అడుగుడు. లోపము నిశ్చయమైన కుక్కను మాత్రము సంతతికై ఉపయోగింపకుడు.