నీటితో అతికే చత్వారం అద్దం

చత్వారం వచ్చినవాళ్లకు కూలింగ్ గ్లాసులతో ఒక తిప్పలుంది. ఎండలో కంటికి హాయే గాని, ఫోన్ మోగితే చేసిందెవరో కనబడదు. నల్లజోడు తీసి చదివే జోడు పెట్టుకోవాలి, మళ్లీ మార్చుకోవాలి. దీనికో చవకైన ఉపాయం, నల్లద్దానికి లోపలివైపు, కింది భాగంలో అంటించుకునే మెత్తటి ప్లాస్టిక్ కటకం. ఆకారం అర్ధచంద్రుడిది. వద్దనుకుంటే ఊడదీసి ఇంకో జోడుకు అంటించుకోవచ్చు.

దగ్గరివి చూసేటప్పుడు కంట్లోని కటకం ఉబ్బి తన పవర్ పెంచుకుంటుంది. పదేళ్ల వయసులో అలా 10 డయాప్టర్లకు (కటకం పవర్‌కు కొలమానం) పైనే పెంచుకోగలదు. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది. అరవైకి ఒక డయాప్టర్ మిగిలితే గొప్ప. 40 సెంటీమీటర్ల దూరాన పుస్తకం చదవాలంటే 2.5 డయాప్టర్లు కావాలి. తక్కువైనది బయటి నుంచి కలపాల్సిందే.

పల్చటి కటకాలను ఒకదానికొకటి ఆనిస్తే పవర్లు కూడుకుంటాయి. పవర్ లేని నల్లద్దానికి +2 అంటిస్తే అక్కడ +2 అవుతుంది, దూరానికి +1 ఉన్న అద్దానికి అంటిస్తే +3. దూరానికి -2 వాడేవారు అంటిస్తే మిగిలేది సున్నా. వాళ్లు కళ్లజోడు పైకెత్తి చదువుకుంటే చాలు, డబ్బు దండగ!

మరి వంపు తిరిగిన అద్దానికి అంటిస్తే పవర్ మారిపోదా? దాదాపు మారదు. పల్చటి కటకం పవర్ ముఖ్యంగా నడిమికీ అంచుకూ ఉన్న మందం తేడాలో ఉంటుంది. 26 మిల్లీమీటర్ల వెడల్పున్న +2 కటకంలో ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతే. ఎటు వంచినా మందం తేడా అలాగే ఉంటుంది.

అసలు చమత్కారం అతుక్కోవడంలో ఉంది. జిగురు లేదు, ఉన్నది నీళ్లే. తడిపి అద్దం మీద నొక్కితే మధ్యనున్న గాలి పోయి పల్చటి నీటిపొర మిగులుతుంది. తలతన్యత, బయటి గాలి ఒత్తిడి కలిసి కటకాన్ని పట్టి ఉంచుతాయి. నీరు ఆరాక నున్నటి మెత్తటి ప్లాస్టిక్ అద్దాన్ని కరుచుకునే ఉంటుంది. గాలిపొర లేదు కాబట్టి ఆ హద్దు దగ్గర వెలుతురు పరావర్తనం చెందడం కూడా బాగా తగ్గుతుంది. జిడ్డో దుమ్మో చేరితే మాత్రం పట్టు సడలుతుంది. సబ్బునీళ్లతో కడిగి మళ్లీ అంటించాలి.

రెండు కళ్లకూ ఒకే ఎత్తులో అంటించడం చాలా ముఖ్యం. +2 కటకం ఒక కంటికి 5 మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగితే, అక్కడ ఒక ప్రిజం డయాప్టర్ (మళ్లింపుకు కొలమానం) మేర చూపు నిలువుగా మళ్లుతుంది. రెండు కళ్ల బొమ్మలూ కలవక తలనొప్పి మొదలవుతుంది. ఇదే గుణాన్ని కంటి వైద్యులు మేలుకు వాడుకుంటారు. పక్షవాతం వంటివాటి తర్వాత ఒకటి రెండుగా కనబడేవారికి, చూపును సరిచేసే పల్చటి ఫ్రెనెల్ పట్టకాన్ని (ప్రిజాన్ని) ఇలాగే అద్దానికి అతికిస్తారు.

ఎప్పుడో ఒకసారి చదువుకోవడానికి ఇది భేషైన సాధనమే, రోజంతా పెట్టుకునే జోడుకు మాత్రం నేను సిఫారసు చేయను. +2 గుండా చూస్తే అర మీటరు దాటినదంతా మసకే, మెట్లు దిగేటప్పుడు ఆ మసక ప్రమాదం. ఇంకో మాట. నలభై దాటాక కంటి పరీక్ష చదివే అద్దం కోసమే కాదు. నొప్పి లేకుండా చూపు తినేసే నీటికాసులు కూడా అక్కడే బయటపడతాయి. కటకం కొనేముందు ఆ పరీక్ష చేయించుకోండి.