కప్ప చెప్పిన ఖండముల కథ

తొలకరి వాన కురియగానే చెరువుగట్లపై కప్పల బెకబెకలు వినని పల్లెవాసి యుండడు. బావిలోని కప్పకు బావియే ప్రపంచమని మన పెద్దలు చెప్పుదురు. లోకజ్ఞానము లేనివానిని ‘కూపస్థమండూక’మని పరిహసించుటయు కలదు. కాని, మన దేశమున నివసించు కప్ప యొకటి, ఖండములు విడిపోయిన అతిప్రాచీన కాలపు వృత్తాంతమును మనకు తెలియజేసినది. ఆ కథను అది నోటితో చెప్పలేదు. తన దేహములోని కణముల ద్వారా చెప్పినది.

కేరళ రాష్ట్రమున, పడమటి కనుమలలో, ఇడుక్కి జిల్లా కలదు. అచ్చట లభించిన ఒక వింత కప్పను 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసూయిట్ అను శాస్త్రజ్ఞులు లోకమునకు పరిచయము చేసిరి. దాని దేహము ఉబ్బినట్లుండును, రంగు ఊదా, తల మిక్కిలి చిన్నది, ముక్కు పందిముట్టెవలె మొనదేలి యుండును. దానికి ‘నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్’ అని పేరు పెట్టిరి. నాసిక యనగా ముక్కు. బట్రాకస్ అనునది కప్పకు గ్రీకు పదము. సహ్యాద్రి యనునది పడమటి కనుమలకు పేరు.

ఈ కప్ప సంవత్సరములో అధికభాగము భూగర్భముననే గడపును. చెదపురుగులు దాని ఆహారము. వర్షములు ఆరంభము కాగానే కొలది దినములు మాత్రము వెలుపలికి వచ్చి, కొండవాగులలో గ్రుడ్లు పెట్టి, మరల భూమిలోనికి పోవును. దాని పిల్లలు నోటితో రాళ్లను గట్టిగా పట్టుకొని, ఎంతటి ప్రవాహమునందైనను కొట్టుకొనిపోక నిలుచును.

ఇట్టి జీవికి బంధువులెవరు? రూపమును మాత్రమే చూచి బంధుత్వమును నిర్ణయించుట ప్రమాదకరము. రెక్కలు కలిగినంత మాత్రమున గబ్బిలము పక్షి కాదు గదా! అందుచే శాస్త్రజ్ఞులు దాని డి.ఎన్.ఏ.ను పరీక్షించిరి.

ప్రతి జీవి కణములందును డి.ఎన్.ఏ. అను సన్నని పోగు ఉండును. తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకు సంక్రమించుట దీనివలననే. అడినీన్, థైమీన్, గ్వానీన్, సైటోసీన్ అను నాలుగు పదార్థములు దానియందు అక్షరములవలె వరుసగా కూర్చబడి యుండును. తరము తరమునకును ఈ వ్రాత ప్రతి తీయబడును. ప్రతి తీయునప్పుడు ఎప్పుడో యొకప్పుడు ఒక అక్షరము మారును. ఆ మార్పు తరువాతి తరములకును సంక్రమించును.

ఇది మన తాళపత్ర గ్రంథముల చరిత్రను పోలియున్నది. పూర్వము లేఖకులు ఒక ప్రతిని చూచి మరియొక ప్రతిని వ్రాసెడివారు. ఒకడు చేసిన తప్పును, ఆ ప్రతిని చూచి వ్రాసిన వారందరును చేసిరి. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను వేమన పద్యముల ప్రతులను పెక్కింటిని సేకరించి, పోల్చి చూచెను. ఒకే విధమైన తప్పులు గల ప్రతులు ఒకే మూలమునుండి పుట్టినవని పండితులు ఊహింతురు. జీవశాస్త్రజ్ఞులును అట్లే, సమానమైన మార్పులు గల జీవులు ఒకే పూర్వికుని సంతతియని గ్రహింతురు. మార్పులలో భేదములు ఎంత అధికముగా నున్నచో, ఆ రెండు శాఖలు అంత పూర్వమే విడిపోయినవని తలంతురు. శిలాజముల వయస్సు ఆధారముగా ఆ కాలమును లెక్కకట్టుదురు.

ఇట్లు పోల్చి చూడగా ఆశ్చర్యకరమైన విషయము బయటపడినది. ఊదారంగు కప్పకు అతిసమీప బంధువులు అప్పుడు భారతదేశమున కనబడలేదు. సుమారు 3000 కిలోమీటర్ల దూరమున, హిందూ మహాసముద్రములోని సీషెల్స్ ద్వీపములలో నున్నవి! అచ్చటి కప్పలు చాల చిన్నవి. వానిలో ఒక జాతి వ్రేలిగోరంత మాత్రమే యుండును. రూపమున పోలికయే లేని ఇవి ఒకే వంశమునకు చెందినవి.

మరి వీని నడుమ ఇంత సముద్రమెట్లు వచ్చినది? కప్ప చర్మము పలుచనిది. ఉప్పునీటిని అది సహింపజాలదు. కావున కప్పలు సముద్రమును దాటలేదు, భూమియే కదలినది. పూర్వము దక్షిణ ఖండములన్నియు ఒకే మహాఖండముగా నుండెను. దానికి గోండ్వానా అని పేరు. మన ఆదిలాబాదు ప్రాంతమునను నివసించు గోండుల పేరే దీనికి మూలము. ఆ మహాఖండము క్రమముగా ముక్కలైనది. భారతదేశము, సీషెల్స్ కొంతకాలము కలిసియుండి, సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట విడిపోయినవి. పిమ్మట మన భూభాగము ఉత్తరమునకు సాగి, ఆసియాను ఢీకొనగా, హిమాలయములు పైకి లేచినవి.

ఈ రెండు కప్పల శాఖలు సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట వేరుపడినవని 2003 నాటి పరిశోధన తెలిపినది. లెక్కకట్టు పద్ధతి మారినచో ఇట్టి అంకెలు కొంత మారును. కాని బంధుత్వము మాత్రము మారలేదు. 2017లో పడమటి కనుమల తూర్పువాలున, తమిళనాడులో, ఈ వంశమునకు చెందిన మరియొక జాతి గుర్తింపబడినది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులును ఆ పరిశోధనలో పాల్గొనిరి. నైరృతి ఋతుపవనమున మొదటి జాతి గ్రుడ్లు పెట్టగా, రెండవది ఈశాన్య ఋతుపవనమున పెట్టును. డి.ఎన్.ఏ. భేదము కూడ ఇవి వేర్వేరు జాతులని స్థిరపరచినది.

ఖండములు చీలినను, పర్వతములు పుట్టినను చెక్కుచెదరక నిలిచిన వంశమిది. నేడు దానికి మానవుని వలననే భయము కలుగుచున్నది. వాగులకు అడ్డుకట్టలు కట్టినచో దాని పిల్లలకు పారునీరు లభింపదు. అడవులు నరికినచో దాని నివాసము నశించును. ఒక గ్రంథమునకు మిగిలిన ప్రతులు ఒకటి రెండే యైనపుడు, వానిని చెదలకు విడిచిపెట్టుదుమా? ఈ కప్పయు అట్టి గ్రంథమే. ఇంకను చదువవలసిన పుటలు దానిలో ఎన్నో కలవు.

భూమిలో దాగియుండు ఈ చిన్న జీవి, మహాఖండముల ప్రయాణమునకు సాక్షి. ఇకమీదట ‘కూపస్థమండూక’మను మాట వినినప్పుడు, లోకమునకు తెలియని సంగతిని తెలిపిన ఈ మండూకమును కూడ స్మరింపుడు.